ఒకటో నంబరు ప్లేటు

గంగాధరప్పకు ఒకటే జబ్బు. దేన్ని చూసినా నంబరు ఇయ్యందే ఊరుకోలేడు.

హిందూపురంలో మైకుసెట్టు గంగాధరప్ప అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన ఇంట్లో గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా గ్రామఫోను ప్లేట్లు, నాలుగు వందలకు పైమాటే. నాదస్వరం ప్లేట్లు, హరికథలు, సినిమా పాటలు, కన్నడ దాసర పదాలు, ఉర్దూ కవ్వాలీలు, ఒక మనిషి మాటా పాటా లేకుండా మూడు నిమిషాలసేపు ఊరికే నవ్వే ప్లేటు. వాటిలో ప్రతిదానికీ ఒక నంబరు. ఎడమచేతి పక్క పై అరలో ఒకటో నంబరు. కుడిచేతి పక్క కింది మూల, ఎలుకలు తిరిగే చోట, కడపటి నంబరు. ఆ కడపటి చోటు ఏండ్ల తరబడి నవ్వే ప్లేటుదే. "ఆయప్ప ఏమిటికి నవ్వుతాండాడో తెలీకుండా పై నంబరు ఎట్ల ఇచ్చేది?" అనేవాడు.

ఆదివారం పొద్దున నంబర్ల పంచాయితీ. తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, అరల ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. కొన్ని పైకెక్కేవి, కొన్ని దిగేవి. సాక్షిగా పెండ్లాం వెంకటలక్ష్మమ్మ కూర్చోవాలి. చేతిలో చేట ఉన్నా, చేటలో రాళ్ళున్నా సరే.

"ఇదో, ఈ పడవ పాటను తొమ్మిది నుంచి పద్నాలుగుకు దించుతాండా."

"ఏం తప్పు చేసిందో పాపం?"

"రెండో చరణంలో ఫిడేలాయప్ప తొందరపడినాడు."

"పోయిన వారం పైకెక్కించింది నువ్వే గదా?"

"పోయిన వారం నాకు జలుబు."

ప్లేట్లతో ఆగి ఉంటే వెంకటలక్ష్మమ్మ ఓర్చుకునేదే. రైలెక్కితే ఊళ్ళకు కూడా నంబర్లే. గాలిలో పెనుకొండ ఒకటి, ఎండలో ధర్మవరం ఒకటి, దుమ్ములో మన హిందూపురం ఒకటి. విస్తరిలో సంగటి, రోటిపచ్చడి పడితే అక్కడా అదే కథ.

"ఈ పొద్దు ఊరిబిండి ఏడో నంబరు."

"అట్లనా? ఒకటో నంబరు ఎప్పుడు చేసినానో?"

"పోయిన సంవత్సరం, పెద్దవాన పడిన రోజు. ఆహా, అది ఊరిబిండి!"

"అది పక్కింటి జయలక్ష్మమ్మ పంపించింది."

గంగాధరప్ప ఆ పూట సంగటి ముద్ద మొత్తం మింగి లేచాడు. మరుసటి రోజు ఊరిబిండి మూడో నంబరుకు ఎక్కింది.

ఆయనకు పిచ్చి ముదిరిందని ఊరంతా చాటినవాడు వడ్రంగి వెంకటరాముడు. టీ అంగట్లో ఎప్పుడు కూర్చున్నా అదే కథ చెప్పేవాడు.

"నిక్షేపం మాదిరి ఉండే మంచానికి పట్టె మార్పించినాడప్పా ఆయప్ప! ఇరిగిందంటాడు. యాడ ఇరిగింది చూపించు అంటి. ఇరిగిందని చెప్పినా గదా, మార్చు అంటాడు. నేను మంచమెక్కి ఎగిరి దూకినా! అయినా ఇరగలేదు. ఇంగ మార్చినా, ఏం చేసేది?"

ఈ కథ చెవినపడినప్పుడల్లా వెంకటలక్ష్మమ్మ తల దించుకుని పక్కకు పోయేది. ఎందుకంటే ఆమె లెక్కలో మంచం నిజంగానే విరిగింది. విరగ్గొట్టింది తనే. కాపురానికి వచ్చిన మొదటి వారంలో, మంచం మీద దుప్పట్లు కుప్పగా ఉంటే వాటి మీద కూర్చుంది. ఫట్టుమంది. పక్క గదిలోంచి అత్త అంజనమ్మ "ఏమిరా ఇరిగింది?" అని కేకేసింది. గంగాధరప్ప ఒక్క దూకుతో వచ్చి, పెండ్లాన్ని లేపి బయటికి పంపి, "మంచం పట్టె మా, పుచ్చిపోయింది!" అన్నాడు. పట్టె విరిగేంత బరువున్నానా అని కొత్తకోడలు సిగ్గుతో నెల పొడుగునా సగం కడుపే తిన్నది.

ఇంక ఒకటో నంబరు సంగతి. ఆ ప్లేటును ఊళ్ళో ఎవరూ వినలేదు. ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి, పలచని చెక్కపెట్టెలో పెట్టి ఉండేది. అది గంగాధరప్ప నాయన బెంగళూరు నుంచి గ్రామఫోనుతో పాటు తెచ్చిన మొట్టమొదటి ప్లేటు. ఆయన పోయాక అంజనమ్మ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి పెట్టేది. తరువాత కొడుకు దానికి ఒకటో నంబరు ఇచ్చి పెట్టెలో పెట్టేశాడు. ఎప్పుడు వేస్తావంటే, "దానికి తగిన పెండ్లి రావల్ల" అనేవాడు.

పెండ్లి అని ఎందుకు అన్నాడంటే, ఆయన మైకుసెట్టు పోయేదే పెండ్లిండ్లకు. పోయినా, ముహూర్తం వేళకు ఏ నంబరు పడాలో పెండ్లివాళ్ళ చేతిలో ఉండదు. పందిరి గుంజలకు మైకు హారన్లు కట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని పెండ్లిల్లంతా ఒకసారి తిరిగొచ్చేవాడు. మేళగాళ్ళకు అన్నం పెట్టినారా? వంటవాళ్ళ మీద ఎవరన్నా అరుస్తాండారా? పెండ్లికూతురు తనంతట తను నవ్వుతాందా, ఎవరో నవ్వమంటే నవ్వుతాందా? అన్నీ చూసుకుని, ప్లేట్ల పెట్టె దగ్గరికి వచ్చి నంబరు తేల్చేవాడు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో ముప్పయ్యో నంబరు దగ్గరే ఆగిపోయాడు. వ్యాపారి చెయ్యి పట్టుకుని బతిమాలాడు.

"పదిలోపల ఏదన్నా ఏయప్పా, మా వియ్యంకులు ఇంటాండారు."

"పందిట్లో ఆ మూల కూర్చున్న ముసలాయన ఎవురు?"

"ఎవురో తెలీదే."

"కనుక్కోండి. పొద్దున్నుంచి ఆయనకు గుక్కెడు నీళ్ళు ఇచ్చినోళ్ళు లేరు."

కనుక్కుంటే పెండ్లికూతురు తల్లికి మేనమామ. కనగానపల్లి నుంచి ఎద్దులబండిలో వచ్చి, ఎవరూ పలకరించక అలిగి మూల కూర్చున్నాడు. ఆయనకు కాళ్ళకు నీళ్ళిచ్చి, కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టాక, తొమ్మిదో నంబరు మోగింది.

దాంతో పెండ్లి ఎట్ల జరిగిందని అడగడం ఊళ్ళో మానేశారు. "ఎన్నో నంబరు పడిందప్పా?" అనే అడిగేవాళ్ళు. చింతపండు మండీ రంగయ్య కూతురి పెండ్లికి మూడు రకాల తీపి ఓలిగలు వడ్డించారు. కానీ మేళగాళ్ళను ఎండలో నిలబెట్టి, అందరూ తిన్నాక చల్లారిన అన్నం పెట్టారు. నలభై ఒకటి పడింది. ఆ రోజు నుంచి రంగయ్య పిలిచినా పిలవకపోయినా ప్రతి పెండ్లికీ పోయి ముందు వరసలో కూర్చునేవాడు. నలభై ఒకటి కంటే మంచి నంబరు పడితే విస్తరి ముందు నుంచే లేచిపోయేవాడు.

ఈ ప్లేట్లన్నీ పెండ్లిండ్లకు మోసింది కాలేసాబ్ జట్కా. గుంత కనిపిస్తే దిగి, గుర్రాన్ని చేత్తో పట్టుకుని నడిపించేవాడు. ఇన్నేండ్లలో ఒక్క ప్లేటుకు గీత పడనియ్యలేదు. ఆ కాలేసాబ్ కూతురు జమ్రూద్‌కు పెండ్లి కుదిరింది. పెండ్లికొడుకు హజరత్‌వలిది ధర్మవరం, పట్టునూలుకు రంగులేసే పని.

"అన్నా, మా పాప పెండ్లికి ఎన్నో నంబరు?" అని కాలేసాబ్ కళ్ళెం సర్దుకుంటూ, ముఖం అటు తిప్పుకుని అడిగాడు.

"చూస్తాం లే సాబూ, చారు ఎట్లుంటాదో."

"మా ఇంట్లో చారు ఉండదన్నా, దాల్చా."

"అయితే దాల్చాకు ఇస్తా నంబరు. నీ స్నేహం చూసి మాత్రం ఇయ్యను."

"అట్ల ఇస్తే నేను తీసుకోను గదన్నా!"

పెండ్లినాడు పొద్దున పందిరి నిండిపోయింది. జట్కా ఎక్కని మనిషి ఊళ్ళో ఉండడు కాబట్టి కులం మతం లేకుండా అందరూ వచ్చారు. ధర్మవరం నుంచి పెండ్లికొడుకు వాళ్ళు పొద్దుటి రైలుకు దిగాలి. రైలు రాలేదు. కాలేసాబ్ స్టేషనుకు పరుగెత్తి కనుక్కుంటే, ఇంజను చెడి పెనుకొండలో ఆగిందన్నారు. ఆ కబురు ఇంటికి పంపి, తను జట్కాతో అక్కడే నిలబడ్డాడు.

ఎండ ఎక్కింది. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఇంజను చెడిందంట!"

"చెడిందో, వాళ్ళ మనసు చెడిందో."

"మా అక్క ఆడబిడ్డ కూతురికి ఇట్లనే జరిగింది. బస్సు పంక్చరు అన్నారు. యాడ పంక్చరు, యాడ బస్సు!"

ఒకరిద్దరు లేచి చెప్పులు వెతుక్కోసాగారు. పరదా వెనక ఆడవాళ్ళలో అత్త అంజనమ్మ పక్కన కూర్చున్న వెంకటలక్ష్మమ్మ చేతిని కాలేసాబ్ పెండ్లాం అజీజున్నీసా గట్టిగా పట్టుకుంది.

"అక్కా, జనం పోతాండారా?"

వెంకటలక్ష్మమ్మకు భయమేసింది. ఈ జనం ఈ మాటతోనే ఇండ్లకు పోతే, సాయంత్రానికి మడకశిర దాకా పాకుతుంది. తరువాత రైలు వచ్చినా, పెండ్లి జరిగినా, పెండ్లికొడుకు వద్దనుకున్న పిల్ల అనే పేరు జమ్రూద్‌ను బతికినంతకాలం వదలదు.

గంగాధరప్ప కూడా చూస్తున్నాడు. జనం ముఖాలను కాదు, కాళ్ళను. పది జతల కాళ్ళు చెప్పుల్లో దూరాయి. ఆయన మైకు అందుకున్నాడు.

"మహాజనులారా! ఈ పొద్దు ఈ పెండ్లికి ఒకటో నంబరు ఏస్తాండా!"

పది జతల కాళ్ళూ చెప్పుల్లోంచి బయటికొచ్చాయి.

"కానీ దానికొక పద్ధతి ఉండాది. అరవై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే దిగుతా వస్తా. మధ్యలో లేసినోళ్ళకు అది ఇనే అర్హత లేదు."

ఈ మాట బజారుకు ఎట్ల పోయిందో గానీ, పోయింది. పట్టుగూళ్ళ మార్కెట్టు నుంచి, బస్టాండు నుంచి జనం వచ్చి పందిరి గుంజల చుట్టూ నిలబడ్డారు. రంగయ్య మండీ మూసేసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇప్పుడు యాభై ఎనిమిది. ఇది నిరుడు యాభై రెండు. ఎందుకు దిగిందో వివరం చెప్తా, కూర్చోండి."

"పాట మూడు నిమిషాలు, నీ వివరం పావుగంట ఉండాది గదప్పా!"

"వివరం లేకుండా నంబరు ఎట్ల అర్థమవుతాదప్పా?"

అజాన్ వినిపించినప్పుడు ముల్లు ఎత్తి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తరువాత మళ్ళీ కీ తిప్పాడు. యాభై పోయింది. నలభై ఐదు పోయింది. నలభై ఒకటి మోగి, ముగిసి, పక్కకు పోగానే రంగయ్య లేచి నిలబడ్డాడు.

"నా కూతురి పెండ్లికి ముహూర్తం పాట అది! ఈడ పొద్దుటి ఉగ్గాని మాదిరి ఏసి పారేస్తివే!"

"ఇంకా పెద్దవి రావల్ల గదప్పా, కూర్చో."

రంగయ్య కూర్చున్నాడు. ఒకటో నంబరు వినకుండా ఆయన్ను ఎద్దులు కట్టి లాగినా రాడు.

ఇరవై అయింది. పది అయింది. రైలు కూత లేదు. ఐదు, నాలుగు, మూడు. గంగాధరప్ప ముల్లు మార్చిందే మారుస్తున్నాడు, తుడిచిన ప్లేటునే తుడుస్తున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఒకటో నంబరు పెట్టె తేవడం మరిచిపోయాడేమో అనుకుని వెంకటలక్ష్మమ్మ దగ్గరికి వచ్చింది.

"పెట్టె ఇంట్లోనే ఉండాది గదా, నేను పోయి తెస్తా."

"వద్దు!" అని అరిచాడు. "నువ్వు దాన్ని ముట్టొద్దు!"

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆమె మీద గొంతెత్తింది లేదు. ఆమెకు రోషం వచ్చింది. ముట్టకూడనంత పాపం నేనేం చేసినానో అనుకుంటూ, కొంగు బిగించి, రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి విసవిసా నడిచింది. పెట్టె దించింది. పదిమంది చూసే వస్తువు, దుమ్ముతో తీసుకుపోతే ఏం బాగుంటుందని పట్టుగుడ్డ విప్పింది.

ప్లేటు రెండు ముక్కలు. పక్కపక్కన పెట్టి, పట్టుదారంతో జాగ్రత్తగా కట్టి ఉంది.

మొదట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తరువాత ఎప్పటిదో చప్పుడు ఒకటి చెవిలో వినిపించింది. ఫట్.

దుప్పట్లు. మంచం. పుచ్చిపోయిన పట్టె.

వెంకటరాముడు ఎగిరి దూకినా విరగని పట్టె!

అత్త అంజనమ్మ ఒకసారి పేరు పెట్టిందంటే అది చెరిగేది కాదు. పెద్దకోడలు రామాంజినమ్మ వచ్చిన కొత్తలో నూనెచట్టి జారవిడిచింది. ఆమెకు మనవరాండ్లు పుట్టినా ఇంకా "నూనెచట్టి కోడలే". చనిపోయిన మామ తెచ్చిన ప్లేటు మీద కూర్చున్న కోడలికి ఏం పేరు పడి ఉండేదో! వెంకటలక్ష్మమ్మకు ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. ఆ మంచం విరిగే వరకు ఇంట్లో నంబర్లు లేవు. మంచం విరిగిన మరునాడే ఆయన, "మా, నాయన ప్లేటు ఒకటో నంబరు. ఇంకమీద ఊరికే ఏసేది లేదు" అన్నాడు. ఒకటి ఉన్నాక రెండు ఉండాలి గదా. రెండు ఉంటే మూడు. అట్ల నాలుగు వందలు దాటింది.

ఆమెకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! మంచానికి జడిసి నెలంతా సగం కడుపు తింటి గదరా!" అని గోడకు చెప్పింది. చెప్పి, ప్లేటుకున్న దారం తెంచేసి, ముక్కలను మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని బయలుదేరింది.

పందిట్లో ఆమె చేతిలో పెట్టె చూడగానే జనం దారి ఇచ్చారు. గంగాధరప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెంకటలక్ష్మమ్మ ఎన్నడూ ముట్టని మైకును చేత్తో పట్టుకుంది. పెండ్లాం మాట హారన్లలోంచి వినపడగానే గంగాధరప్ప ఉలిక్కిపడ్డాడు.

"ఒకటో నంబరు వచ్చింది. కానీ మా ఆయన రూలు ఒకటుండాది. పెండ్లికొడుకు వచ్చి, పెండ్లి అయితేనే ఇది ఏసేది. పోయేవాళ్ళు పోవచ్చు."

ఒక్కరు కదల్లేదు. రంగయ్య, లేవబోయిన బావమరిదిని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "ఇప్పుడు లేస్తే కాళ్ళు ఇరగ్గొడతా!"

జనం దాహానికి మజ్జిగ రెండుసార్లు తిరిగింది. అప్పుడు వినిపించింది కూత. కాసేపటికి కాలేసాబ్ గుర్రం ఎప్పుడూ లేనంతగా గుంతలన్నీ ఎగిరి దూకుకుంటూ వచ్చింది. వెనక ఇంకో నాలుగు జట్కాలు. ముఖాన ఇంజను మసితో, మెడలో వాడిన పూలదండతో హజరత్‌వలి దిగి, జనాన్ని చూసి బెదిరాడు.

"ఇంతమంది మన పెండ్లికా మామా?"

"నీకు కాదు నాయనా, పద," అన్నాడు కాలేసాబ్, నవ్వుకూ ఏడుపుకూ మధ్యలో.

నిఖా అయింది. కబూల్ అన్నారు. ఖర్జూరాలు పంచారు. ఆఖరి ఖర్జూరం గింజ ఉమ్మేసి రంగయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇంక ఏయప్పా."

గంగాధరప్ప గ్రామఫోనుకు కీ తిప్పుతున్నాడు. తిప్పుతూనే ఉన్నాడు. వెంకటలక్ష్మమ్మ పెట్టె తెరిచి, పట్టుగుడ్డ మూటను మెల్లగా తీసి, మైకుసెట్టుతో పాటు తమ ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీలో పెట్టింది. పైట సర్దుకుంది. మొగుడి వైపు ఒకసారి చూసింది. చూసి, ఆ కుర్చీలో కూర్చుంది.

ఫట్!

"కుర్చీ!" అని అరిచాడు గంగాధరప్ప, చేతిలోని కీ వదిలేసి. "కుర్చీ కాలు! పుచ్చిపోయింది! ఏం కాలేదు, కుర్చీ కాలు!"

"కుర్చీ కాదు," అని వెంకటలక్ష్మమ్మ లేచి, గుడ్డ విప్పి అందరికీ చూపించింది. ఇప్పుడు నాలుగు ముక్కలు. "ప్లేటే. నేనే కూర్చుంటి."

జనమంతా ఒక్కసారి అయ్యో అన్నారు. రంగయ్యకు నిజంగానే ఏడుపు వచ్చింది. గంగాధరప్ప పెండ్లాం ముఖంలోకి చూశాడు. ఆమెకు అంతా తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. ఆడవాళ్ళలోంచి అంజనమ్మ కర్ర ఊతతో లేచింది. కోడలు తల వంచుకుని నిలబడింది, రాబోయే పేరు కోసం.

"పోనీ లేవే," అంది అంజనమ్మ. "ఎన్నాళ్ళకు పీడ వదిలింది!"

"ఏందిమా?" అన్నాడు గంగాధరప్ప.

"మీ నాయన దినామూ కోడి కూయకముందే ఏసి నా నిద్ర చెడగొట్టేవాడు. ఆయన వస్తువు గదా అని తుడిచి పెడ్తాంటి. నువ్వు పెట్టెలో పెట్టినాక హాయిగా నిద్రపోతాండా."

"ఏం పాటవ్వా అది?" అని రంగయ్య కండ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎవురికి గుర్తురా? ఎవుడో ఒగడు ఏడుస్తాంటాడు."

గంగాధరప్ప వంగి, ప్లేట్ల పెట్టె అడుగు నుంచి కడపటి నంబరు తీసి వేశాడు. హారన్లలోంచి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి విరగబడి నవ్వడం మొదలుపెట్టాడు. ముందు కాలేసాబ్ నవ్వాడు. పరదా వెనక జమ్రూద్ నవ్వింది, ఎవరూ నవ్వమనకుండానే. రంగయ్య కూడా నవ్వాడు. ఆదివారం పంచాయితీలో ఆ ప్లేటు ఎలుకల మూల నుంచి లేచి, ఎడమచేతి పక్క పై అరలో కూర్చుంది. "ఆయప్ప ఏమిటికి నవ్వుతాండాడో ఇన్నాళ్ళకు అర్థమయింది" అన్నాడు గంగాధరప్ప. కాలేసాబ్ మాత్రం తన కూతురి పెండ్లికి ఒకటో నంబరు బయటికి వచ్చిందని జట్కా ఎక్కినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మోగిందని చెప్పలేదు కాబట్టి అబద్ధమూ కాదు.

పెండ్లి మరునాడు పొద్దునే వడ్రంగి వెంకటరాముడు రంపంతో వాకిట్లో నిలబడ్డాడు. కుర్చీని తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు.

"అమ్మా, ఈ కుర్చీ కాలు మార్చమని చెప్పినాడు ఆయప్ప. ఇది ఇరగలేదే!"

వెంకటలక్ష్మమ్మ లోపలికి చూసింది. గంగాధరప్ప అరల వైపు తిరిగి, వీపు మాత్రం కనిపించేటట్టు, ఏదో ప్లేటు తుడుస్తున్నాడు.

"ఇరిగిందని చెప్పినాడు గదా," అంది. "మార్చు."

గంగాధరప్ప ఇప్పుడు లేడు. ప్లేట్లు నంబర్ల వరసలోనే ఉన్నాయి. ఆ కుర్చీ కూడా ఉంది. మూడు కాళ్ళు ఒక రంగు, నాలుగోది ఒక రంగు. ఎందుకట్ల ఉందని వచ్చినవాళ్ళు అడిగితే వెంకటలక్ష్మమ్మ ఒకటే చెబుతుంది.

"పుచ్చిపోయింటే మార్పించినాం. కూర్చోండి, గట్టిగా ఉండాది."